దారి ఇచ్చే చోటు

కళ్ళ డాక్టరు తాళాలు అడగలేదు.
"ఇక మీరు నడపకూడదు" అంది, అంతే.
టోర్మోడే తీసి నా ఒళ్ళో పెట్టాడు,
అప్పుడే ఉడికిన బంగాళాదుంపని పెట్టినట్టు.

లైసెన్సు నాకూ ఉంది.
పదేళ్ళకోసారి కొత్త ఫోటో పంపుతాను.
నడపను.

ఇరవై ఆరేళ్ళ కిందట
మా హారిస్ తూర్పు తీరపు ఒంటి దారిలో
మిట్ట ఎక్కగానే ఎదురుగా చేపల లారీ.
ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి అంటారే,
నాకది మాటవరస కాదు.
పక్కన నల్లటి సరస్సు, వెనక కాలువ.
వెనక్కే పోయాను.
గాల్లో తిరిగిన ఆ చక్రం చప్పుడు
బట్టలుతికే మిషన్ ఆఖరి చుట్లలో
ఇప్పటికీ వినిపిస్తుంది.

మొదటి వారం ఇంజను వేయలేదు.
వాకిట్లో, కారులో కూర్చుని మేజోడు అల్లాను,
మడమ మలుపు దాకా.
రెండో వారం ఇంజను వేసి అల్లాను.
ఎదురింటి పెగ్గీ కిటికీ తెర జరిపి చూసింది.
చీకటి పడేలోగా ఊరంతా తెలిసింది,
డోలినా కారులో కాపురం పెట్టిందని.

మూడో వారం గేటు దాటాను.

నోరు ఎండిపోతుంది.
భుజాలు చెవుల్ని అందుకుంటాయి.
స్టీరింగుని పట్టుకోవడం కాదు నేను చేసేది,
దానికి వేలాడటం.
పక్క సీట్లో టోర్మోడ్
లేని బ్రేకుని కుడికాలితో నొక్కుతుంటాడు.
మిగిలిన ఆ కాస్త చూపుతోనే
"గొర్రె" అంటాడు.
అది రాయి.
"రాయి" అంటాడు.
అది లేచి నడుచుకుంటూ పోతుంది.

ఉత్తరాల వ్యాను నడిపే ఎఫీ
ఒకరోజు నా కిటికీ మీద కొట్టి చెప్పింది:
"టార్బర్ట్ దాకా వెళ్ళాలని ఎవరన్నారు నీకు?
ఆ తెల్ల బోర్డు దాకా వెళ్ళు.
అక్కడ రోడ్డు పొట్ట పెంచుకుని ఉన్నది
ఆగేవాళ్ళ కోసమే కదా."

లెక్కపెట్టాను. టార్బర్ట్ దాకా నలభై ఒక్క బోర్డులు.
ఒకరోజు తొమ్మిది.
మర్నాడు పద్నాలుగు.
గాలివాన రోజు మూడో దాని దగ్గరే
ఫ్లాస్కులో టీ తాగి, ఏడ్చి,
ఇంటికొచ్చి చేపలు వేయించాను.
శనివారాలు రేవు దగ్గర రెండు బకెట్లు పెట్టి
వాటి మధ్యకి వెనక్కి నడిపాను.
బకెట్లు చాలా చచ్చాయి.
ఆదివారం ఏమీ లేదు. ఆదివారం మా దీవిలో
తీగ మీద బట్టలు కూడా ఆరేయం,
భయానికీ ఆ ఒక్కరోజు సెలవు.

నవంబరులో కంట్లో సూది వేయించాలి, స్టోర్నోవేలో.
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది.
ఇరవై మూడో బోర్డు దాటి మిట్ట ఎక్కాను.
రెండు దీపాలు. వాటి వెనక బడి బస్సు.

వచ్చింది.
నా కన్నా ముందే వచ్చి కూర్చుంది సీట్లో,
ఇరవై ఆరేళ్ళు దానికీ నిండాయి,
కానీ మోకాళ్ళు మాత్రం కుర్రవి.
పోవే అనలేదు నేను.
కూర్చో, కానీ అద్దానికి అడ్డం రాకు అన్నాను.

రివర్సు.
వెనక అద్దంలో వాన, వానలో తెల్ల బోర్డు,
నత్త కన్నా నెమ్మదిగా.
టోర్మోడ్ కాలు కదల్లేదు.
బకెట్లని తలుచుకున్నాను.
చక్రం కింద గులకరాళ్ళు కరకరమన్నాయి.
ఆ చప్పుడు ఇంత తియ్యగా ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.

బస్సు పక్కనుంచి జారిపోయింది.
మసక అద్దాల వెనక పిల్లలు.
డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తాడు.
మా దగ్గర కృతజ్ఞత అంతే, చూపుడు వేలంత.
అందుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలి.

నా పది వేళ్ళలో
ఒకటి లేచింది.

"ఎవరు?" అన్నాడు టోర్మోడ్.
"బస్సు."
"ఊఁ" అన్నాడు, సీటుకి ఆనుకుంటూ.

ఇంకా పద్దెనిమిది బోర్డులున్నాయి.
మిగతా తొమ్మిదీ బిగిసే ఉన్నాయి.
గేరు మార్చాను.